అసెంబ్లీ ఓటు ఎవరిని చూసి వేయాలి?

2023 నవంబరు 30న కామారెడ్డి ఓటర్లకు తెలంగాణలో మరే నియోజకవర్గానికీ రాని అవకాశం వచ్చింది. బరిలో ఒకవైపు తొమ్మిదిన్నరేళ్లుగా ముఖ్యమంత్రిగా ఉన్న కె.చంద్రశేఖరరావు (కేసీఆర్), మరోవైపు ఆయన్ని గద్దె దించుతానంటూ రాష్ట్రమంతా తిరుగుతున్న రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు ఎ.రేవంత్‌రెడ్డి. ఇద్దరిలో ఎవరు గెలిచినా ముఖ్యమంత్రి నియోజకవర్గమన్న పేరు రావచ్చు, ఆ పేరు వెంట నిధులూ రావచ్చు. డిసెంబరు 3న ఓట్లు లెక్కపెడితే గెలిచింది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు. బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డికి 66,652 ఓట్లు, కేసీఆర్‌కు 59,911, రేవంత్‌రెడ్డికి 54,916 వచ్చాయి.

ఈ ఫలితం వెనక ఏడాది కిందటి గొడవ ఒకటుంది. కామారెడ్డి పట్టణానికి తయారైన కొత్త మాస్టర్‌ప్లాన్ ముసాయిదాలో చుట్టుపక్కల ఊళ్ల పంటపొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపించారు. జోన్ మారితే భూమికి ధర పలకదని, అవసరానికి అమ్ముకోవడం కూడా కష్టమవుతుందని రైతులు భయపడ్డారు. 2023 జనవరిలో కలెక్టరేట్ ముందు బైఠాయించారు. చివరికి మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించాల్సి వచ్చింది. అప్పుడు రైతుల వెంట నిలిచినవాళ్లలో వెంకటరమణారెడ్డి ఒకరు. 2018లో ఇక్కడే పోటీచేసి మూడో స్థానంతో సరిపెట్టుకున్న మనిషి. గెలుపుకు మాస్టర్‌ప్లాన్ ఒక్కటే కారణమని చెప్పలేం. కానీ తమ పొలాల మీదికి ముప్పు వచ్చిన రోజున పక్కన ఎవరున్నారో కామారెడ్డి రైతులు మర్చిపోలేదు.

కామారెడ్డి ఓటేసిన రోజే రాష్ట్రంలోని మిగతా ఓటర్లు ప్రభుత్వాన్ని మార్చేశారు. కాంగ్రెస్‌కు 64 సీట్లు, కేసీఆర్ పార్టీ బీఆర్ఎస్‌కు 39. ఎమ్మెల్యే ఎన్నికలో ఓటరు పడే తికమకంతా ఇక్కడే ఉంది. చేతిలో ఉన్నది ఒక్క ఓటు, తేల్చాల్సినవి రెండు సంగతులు: తన ఊరి తరఫున సభలో ఎవరు కూర్చోవాలి, రాష్ట్రాన్ని ఐదేళ్లు ఎవరు పాలించాలి. నచ్చిన పార్టీ నచ్చని మనిషికి టికెట్ ఇస్తుంది. పనిచేసే మనిషేమో నచ్చని పార్టీ కండువా కప్పుకొని వస్తాడు. గాలి ఎటు వీస్తోందన్న చర్చ టీవీల్లో, టీకొట్ల దగ్గర కావలసినంత జరుగుతుంది. అభ్యర్థి ఎవరు, ఏం చేశాడు, ఏం చేయగలడు అన్న చర్చకే చోటు లేకుండా పోతోంది. ఓటరుకు నిజంగా నష్టం జరుగుతున్నదీ అక్కడే.

ఏ ఎన్నిక దేనికోసమో తెలుగు ఓటరుకు తెలియదనుకుంటే మాత్రం పొరపాటు. 2018 డిసెంబరులో తెలంగాణ ఓటర్లు టీఆర్ఎస్‌కు (బీఆర్ఎస్ పాత పేరు) 119లో 88 సీట్లు కట్టబెట్టారు. నాలుగు నెలలు తిరిగేసరికి లోక్‌సభ ఎన్నికల్లో అదే పార్టీకి 17లో 9 సీట్లే ఇచ్చి, బీజేపీని నాలుగు చోట్ల, కాంగ్రెస్‌ను మూడు చోట్ల గెలిపించారు. 2023 చివర్లో అసెంబ్లీకి 39 మందిని పంపిన బీఆర్ఎస్‌ను 2024 వేసవిలో లోక్‌సభకు ఒక్కరిని కూడా పంపనివ్వలేదు. ఢిల్లీకి ఒక లెక్క, హైదరాబాద్‌కు ఒక లెక్క అని ఓటర్లు విడదీసి చూడగలరు. ఆ విడదీసే చూపును ఇంకొంచెం కిందికి, అభ్యర్థి దాకా దించడమే మిగిలిన పని.

అందుకు మొదట ఎమ్మెల్యే చేతిలో ఏముందో తెలియాలి. వీధిలో డ్రైనేజీ పొంగితే బాధ్యత పంచాయతీదో, మున్సిపాలిటీదో. రైల్వేస్టేషన్‌లో రైలు ఆగకపోతే అడగాల్సింది ఎంపీని. పోలీస్‌స్టేషన్, సర్కారు దవాఖానా, సాగునీరు, భూమి రికార్డులు, మద్యం అమ్మకం, స్థానిక సంస్థల అధికారాలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితా కింద ఉన్నాయి. బడి చదువు, కరెంటు మీద కేంద్రంతో పాటు రాష్ట్రానికీ అధికారం ఉంది. వీటిమీద చట్టం చేసేది, బడ్జెట్‌లో డబ్బు కేటాయించేది శాసనసభ. అక్కడ చెయ్యెత్తేది ఎమ్మెల్యే.

చెయ్యెత్తడం ఎంత పెద్ద విషయమో ఆంధ్రప్రదేశ్ ఓటర్లకు 2024లో బాగా అర్థమైంది. రాష్ట్ర శాసనసభ ఆమోదించిన భూయాజమాన్య హక్కు చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. జనం నోట అది ‘ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్’. భూమి హక్కు మీద తగాదా వస్తే సివిల్ కోర్టుకు బదులు టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి దగ్గరికి, ఆపైన అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లాలన్నది అందులోని ముఖ్యమైన మార్పు. లాయర్లు కోర్టులు బహిష్కరించి ఆందోళన చేశారు. నీతి ఆయోగ్ నమూనా ప్రకారమే తెచ్చామని, హక్కులు భద్రంగా ఉంటాయని అప్పటి ప్రభుత్వం వాదించింది. మీ భూమి మీది కాకుండా పోతుందని ప్రతిపక్షం ఊరూరా చెప్పింది. పట్టాదారు పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో ఉండటంతో ఆ భయం ఇంకా పెరిగింది. ఎన్నికల తర్వాత కొలువుదీరిన కొత్త సభ 2024 జులైలో ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఎవరి వాదన సరైనదన్నది పక్కన పెడదాం. తాతల నాటి పొలానికి సంబంధించిన చట్టం సభలో పాసైనరోజు తమ ఎమ్మెల్యే దాన్ని చదివాడా, ఒక్క ప్రశ్నైనా వేశాడా అని ఎంతమంది ఓటర్లు అడిగారు? మళ్లీ ఓటడగడానికి వచ్చిన సిట్టింగ్ ఎమ్మెల్యేను నిలదీయాల్సిన మొదటి ప్రశ్న ఇదే. సభలో ఏం మాట్లాడాడో చెప్పమనాలి. పెళ్లికొచ్చాడు, చావుకొచ్చాడు అన్న మాటలు ఆ తర్వాత.

కొత్త అభ్యర్థి అయితే? అతని గురించి చెప్పే కాగితం ఒకటుంది. నామినేషన్‌తోపాటు ప్రతి అభ్యర్థీ ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్, ఫారం-26. ఇది ఊరికే రాలేదు. అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ కోర్టుకెక్కితే, అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కని 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎప్పుడూ ఒకరి మొహం ఒకరు చూడని పార్టీలు దాన్ని అడ్డుకోవడానికి మాత్రం ఒక్కటయ్యాయి. పార్లమెంటు చట్టాన్ని సవరించి, కోర్టు చెప్పినవన్నీ వెల్లడించనక్కర్లేదని తేల్చింది. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ సవరణనూ కొట్టేసింది. అంతగా పోరాడి సాధించిన కాగితాన్ని ఓటర్లలో ఎక్కువమంది ఒక్కసారి కూడా తెరిచి చూడకపోవడం బాధ కలిగించే సంగతి. రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద దాన్ని పెడతారు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో, ‘నో యువర్ క్యాండిడేట్’ యాప్‌లో ఫోన్‌లోనే దొరుకుతుంది.

దాన్ని చదవడానికి లాయరు కానక్కర్లేదు. ముందు కేసుల పట్టిక చూడాలి. ఎన్ని కేసులన్న అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. 2023లో గెలిచిన తెలంగాణ ఎమ్మెల్యేల్లో 82 మంది, 2024లో గెలిచిన ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేల్లో 138 మంది తమ మీద కేసులున్నాయని అఫిడవిట్లలోనే రాశారని పైన చెప్పిన సంస్థ లెక్క తీసింది. అంతమందినీ నేరస్థులనుకుంటే తప్పు. ఉద్యమాలు నడిచిన నేల ఇది. రాస్తారోకోలో కూర్చున్నా, అనుమతి లేకుండా ధర్నా చేసినా కేసే. ఐపీసీ 143, 188, 341 సెక్షన్లు కనిపిస్తే అవి చాలావరకు గుంపుగా చేరినందుకో, అధికారి ఉత్తర్వు మీరినందుకో, దారి ఆపినందుకో పెట్టినవి. 420 మోసం. 307 హత్యాయత్నం. 354 మహిళ మీద దౌర్జన్యం. 376 అత్యాచారం. ఇలాంటివి కనిపించినచోట ఆగి చూడాలి. పక్క గడిలో కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్నది ఉంటుంది. నమోదు చేసిందంటే, విచారణ జరపడానికి తగిన ఆధారాలున్నాయని ఒక జడ్జి అనుకున్నట్టు. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాల కేసులకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్లుంటాయి. అంకెలు మారాయి కాబట్టి అంకె పక్కన రాసిన నేరమేమిటో కూడా చదవాలి.

తర్వాత ఆస్తుల పుటలు. అభ్యర్థి, జీవిత భాగస్వామి, మీద ఆధారపడినవాళ్లు ఐదేళ్లుగా ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం ఒకచోట, ఇప్పుడున్న ఇళ్లు, పొలాలు, నగలు, అప్పులు ఇంకోచోట ఉంటాయి. పాత అభ్యర్థే మళ్లీ నిలబడితే ఐదేళ్ల కిందటి అఫిడవిట్‌ను పక్కన పెట్టుకుని చూడొచ్చు. ఏ సర్వే నంబర్లో కొత్తగా ఎన్ని ఎకరాలు చేరాయి, కొన్న ఏడాది ఏది, ఆ ఏడాది ఆదాయమెంత? ఆ ఊరివాళ్లకు పత్రికలకంటే బాగా తెలిసే విషయాలివి. ఆ భూమి ఏ రోడ్డు పక్కన ఉందో, ఆ రోడ్డు ఎప్పుడు పడిందో వాళ్లకే తెలుసు. ప్రభుత్వ కాంట్రాక్టులు ఉన్నాయా, ప్రభుత్వానికి బకాయిలు ఉన్నాయా అన్న గడులూ ఉంటాయి. కాంట్రాక్టరు ఎమ్మెల్యే అయితే పనుల నాణ్యత మీద ఎవరు నోరెత్తుతారన్నది ఆ గడి చూసినప్పుడు అడగాల్సిన ప్రశ్న.

కేసులున్న అభ్యర్థి ఆ వివరాలను పోలింగ్‌కు ముందు మూడుసార్లు పత్రికల్లో, టీవీల్లో ప్రకటించాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2020 ఫిబ్రవరి 13న ఇంకో మెట్టు ఎక్కి, అలాంటి మనిషికే టికెట్ ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో పార్టీ కూడా రాతపూర్వకంగా చెప్పాలంది. గెలుస్తాడన్న ఒక్క కారణం చాలదని స్పష్టం చేసింది. ఆ ప్రకటనలు లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో వస్తాయి. ఎన్నికల వారాల్లో పేపరు తిరగేసేవాళ్లు వాటిమీద ఓ కన్నేయాలి.

కులం సంగతి దాటవేస్తే ఈ మాటలన్నీ గాలిలో మేడలే అవుతాయి. టికెట్లిచ్చేటప్పుడు పార్టీలు కులాల లెక్కలు వేస్తాయి, ఓటరూ వేస్తాడు. దాన్ని మౌఢ్యమని కొట్టిపారేయడం తేలికే కానీ, అందులో ఓటరు వెతుకుతున్నదేమిటో చూడాలి. ఠాణాలో కొడుకును కూర్చోబెట్టినప్పుడు, ఆస్పత్రిలో బెడ్ దొరకనప్పుడు అర్ధరాత్రి తలుపు తడితే తీసేవాడు కావాలి. మనోడైతే తీస్తాడని నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలబడిందో మాత్రం ఎవరికి వారు నిజాయతీగా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 29 ఎస్సీ, 7 ఎస్టీ స్థానాలు, తెలంగాణలో 19 ఎస్సీ, 12 ఎస్టీ స్థానాలు రిజర్వుడు. అక్కడ మిగతా కులాలవాళ్లు తమ కులం కాని మనిషికి ఓటేసి, ఆ మనిషి దగ్గరే పనులు చేయించుకుంటున్నారు. తలుపు తీయడం కులాన్ని బట్టి కాదు, మనిషిని బట్టి అని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి రుజువు అక్కర్లేదు.

ఇక హామీలు. కిలో రెండు రూపాయల బియ్యంతో 1983లో ఎన్టీఆర్, ఉచిత కరెంటుతో 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి, నవరత్నాలతో 2019లో జగన్, ఆరు గ్యారంటీలతో 2023లో తెలంగాణ కాంగ్రెస్, సూపర్ సిక్స్‌తో 2024లో టీడీపీ కూటమి అధికారంలోకి వచ్చాయి. హామీ చూసి ఓటేయడంలో తప్పులేదు. పేదింటికి బియ్యం, పింఛను ఆశ కాదు, అవసరం. చూడాల్సింది హామీలో ఖాళీలు ఎక్కడున్నాయన్నది.

రైతు రుణమాఫీనే తీసుకోండి. 2023లో తెలంగాణ కాంగ్రెస్ ఇచ్చిన మాట రెండు లక్షల దాకా మాఫీ అని. 2024 జులై 18, జులై 30, ఆగస్టు 15 తేదీల్లో తొలి మూడు విడతలు అమలు చేశారు. వేల కోట్లు రైతుల ఖాతాల్లో పడ్డాయి, అది నిజం. ఉత్తర్వు వచ్చాకే రైతులకు మిగతా సంగతులు తెలిశాయి. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య తీసుకున్న లేదా రెన్యూవల్ చేసుకున్న పంటరుణాలకే వర్తింపు. లెక్క మనిషికి కాదు, కుటుంబానికి. కుటుంబమంటే ఎవరెవరో తేల్చడానికి రేషన్‌కార్డు ఆధారం. అప్పు రెండు లక్షలు దాటితే పైమొత్తం రైతు ముందు కట్టాలి. తండ్రీకొడుకులు వేరుపడి ఏళ్లవుతున్నా కార్డు ఒక్కటే ఉన్న ఇళ్లలో ఇవి చిన్న షరతులు కావు. అందుకే ఎన్నికల సభలో హామీ వినగానే చప్పట్లు కొట్టేముందు నాలుగు సంగతులు అడగాలి: ఎవరికి, ఏ తేదీ నుంచి, ఏడాదికి ఎంత ఖర్చు, ఆ డబ్బు ఎక్కడిది? ఈ చివరి ప్రశ్న ఎన్నికల సంఘం కూడా అడుగుతుంది. సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పు తర్వాత, హామీలకు డబ్బు ఎలా తెస్తారో మేనిఫెస్టోలో స్థూలంగానైనా చెప్పాలని ప్రవర్తనా నియమావళిలో చేర్చింది. చెప్పకపోతే శిక్షంటూ ఏమీ లేదు. కాబట్టి అడిగే పని ఓటరు మీదే పడింది.

ఖజానా సంగతులు మన దగ్గర ఎన్నికలయ్యాకే బయటికొస్తున్నాయి. తెలంగాణలో కొత్త ప్రభుత్వం 2023 డిసెంబరు 20న శ్వేతపత్రం పెట్టి రాష్ట్రం అప్పు 6.71 లక్షల కోట్లంది. ఆ లెక్క తప్పంటూ బీఆర్ఎస్ ‘స్వేదపత్రం’ విడుదల చేసింది. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే జరిగింది, అప్పు 9.74 లక్షల కోట్లన్నారు, వైసీపీ ఒప్పుకోలేదు. ఈ అంకెలు ఓటేయకముందు జనం ముందుండాలి. బడ్జెట్ పత్రాలు, కాగ్ నెలనెలా పెట్టే లెక్కలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. ఊళ్లో కామర్స్ చదివిన పిల్లలు, రిటైరైన టీచర్లు వాటిని చూసి నలుగురికీ చెప్పగలిగితే ఎన్నికల సభల్లో వినిపించే సగం మాటలకు విలువ తేలిపోతుంది.

అన్నట్టు, ఎజెండా ఎప్పుడూ పార్టీలే రాయాలని లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో కాంగ్రెస్ ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చి గెలిచి, 1995 జనవరిలో అమలుకు తెచ్చారు. 1997లో అది సడలిపోయింది. కానీ ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ లేని మాటను అందరి నోటా పలికించింది ఆ పల్లెటూరి ఆడవాళ్లు.

డబ్బు గురించి మాట్లాడాలి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రాల్లో 40 లక్షలు. రెండు లక్షలకు పైగా ఓట్లున్న నియోజకవర్గంలో ఓటుకు వెయ్యి చొప్పున సగం మందికి పంచినా ఎన్ని కోట్లవుతుందో ఎవరైనా లెక్క కట్టవచ్చు. 2021 హుజూరాబాద్, 2022 మునుగోడు ఉప ఎన్నికల్లో కొన్ని ఊళ్లలో తమకు కవర్లు అందలేదంటూ ఓటర్లు రోడ్డెక్కే దాకా వెళ్లింది. చట్టం ప్రకారం ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నా నేరమే, ఏడాది దాకా జైలు పడొచ్చు. తీసుకున్నా మనకు నచ్చినవాడికే వేస్తాం కదా అని చాలామంది అంటారు, నిజంగానే అలా వేస్తారు కూడా. అయినా నష్టం జరిగిపోయింది. అన్ని కోట్లు పెట్టగలిగినవాడికే టికెట్ అని పార్టీలు ముందే నిర్ణయించుకున్నాయి. ఊరికోసం పదేళ్లు తిరిగిన కార్యకర్త, మంచి పేరున్న డాక్టరమ్మ, బడిపంతులు ఆ మొదటి వడపోతలోనే బయటికి పోయారు. ఈవీఎం మీద కనిపించే పేర్లు ఆ కవర్ల లెక్కలోంచి మిగిలినవే. పంపకాలు కనిపిస్తే ఎన్నికల సంఘం ‘సీ-విజిల్’ యాప్‌లో ఫొటో పెట్టొచ్చు, పేరు చెప్పనక్కర్లేదు, వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది నిబంధన.

ఆ వడపోతను దాటుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. 2023లో కొల్లాపూర్‌లో ‘బర్రెలక్క’గా పేరుపడిన నిరుద్యోగ యువతి కర్నె శిరీష ఇండిపెండెంట్‌గా నిలబడితే 5,754 ఓట్లు పడ్డాయి. గెలవలేదు. ఉద్యోగాల భర్తీ ఆలస్యమవుతోందన్న ఆమె మాట మాత్రం రాష్ట్రమంతా వినిపించింది.

గెలవనివాళ్లకు వేస్తే ఓటు వృథా అంటారు, అది పూర్తిగా నిజం కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జనసేనకు ఐదున్నర శాతం ఓట్లు, ఒక్క సీటు వచ్చాయి. గుర్తింపు దక్కలేదు, ఆ పార్టీ గాజుగ్లాసు గుర్తు ఫ్రీ సింబల్స్ జాబితాలోనే ఉండిపోయింది. ఆ ఓట్ల బలంతోనే 2024 పొత్తులో 21 స్థానాలు తెచ్చుకుని, అన్నింటా గెలిచి, 2025లో రాష్ట్రపార్టీగా గుర్తింపు పొందింది. మరోవైపు, ఓట్లన్నీ సీట్లుగా మారవన్నదీ నిజమే. 2019లో 39 శాతం ఓట్లతో టీడీపీకి 23 సీట్లు, 2024లో దాదాపు అంతే శాతంతో వైసీపీకి 11. అభ్యర్థుల మధ్య ముఖాముఖి పోటీ ఉన్నచోట, ససేమిరా వద్దనుకున్నవాణ్ని ఆపడానికి రెండో ఇష్టానికి వేయడం కూడా తెలివైన నిర్ణయమే. నోటా 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. అది నిరసన చెప్పే బటనే కానీ, ఫలితాన్ని మార్చే బటన్ కాదు. నోటాకు అందరికంటే ఎక్కువ పడినా, అభ్యర్థుల్లో ముందున్నవారే ఎమ్మెల్యే.

ఒక్క ఓటుతో ఏమవుతుందని అనుకునేవాళ్లు 2019 విజయవాడ సెంట్రల్ ఫలితం చూడాలి. మల్లాది విష్ణు గెలిచింది 25 ఓట్లతో. 2023లో చేవెళ్లలో తేడా 268, 2024లో మడకశిరలో 351. రాజస్థాన్‌లోని నాథద్వారాలో 2008లో సి.పి.జోషి సరిగ్గా ఒక్క ఓటుతో ఓడారు. అప్పుడాయన రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు, ముఖ్యమంత్రి రేసులో ఉన్న మనిషి. ఇంత తెలిసీ 2023లో హైదరాబాద్ జిల్లాలో సగం మంది పోలింగ్ కేంద్రానికి రాలేదు. ఆర్నెల్లు తిరక్కుండా అదే నగరం నుంచి లక్షలమంది ఆంధ్రప్రదేశ్‌లోని సొంతూళ్లకు ఓటేయడానికి బయల్దేరితే, విజయవాడ హైవే మీద టోల్‌గేట్లు సంక్రాంతి రద్దీని తలపించాయి. 2024 మే 13న కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటాక కూడా క్యూలున్నాయి.

ఓటు ఎవరికి వేశామో తెలిసిపోతుందన్న భయం ఊళ్లలో ఇంకా ఉంది. పింఛను ఆపేస్తారు, ఇల్లు రానివ్వరు అని వృద్ధులను బెదిరించేవాళ్లున్నారు. ఫలానా మనిషి ఓటు ఎటు పడిందో తెలుసుకునే మార్గం ఎవరికీ లేదు. వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది, దానిమీద ఓటరు పేరుండదు. అయితే ఫారం-20లో బూత్‌లవారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ప్రకటిస్తారు. ఏ పేట ఎటు మొగ్గిందో నాయకులు దాన్ని చూసే పసిగడతారు. పలు బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రం పెట్టాలని ఎన్నికల సంఘం, లా కమిషన్ సిఫార్సు చేసినా అమలు కాలేదు. అది రావాల్సిందే. ఒక పేట మొత్తం తన ఓటుకు మూల్యం చెల్లించాల్సి వస్తే, రహస్య ఓటింగ్ సగమే ఉన్నట్టు.

ఎంత ఆలోచించి వేసినా, గెలిచాక మనిషి పార్టీ మారితే? 2014లో గెలిచిన వైసీపీ ఎమ్మెల్యేల్లో 23 మంది టీడీపీలోకి వెళ్లారు, వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2023లో గెలిచిన పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల మీద వచ్చిన ఫిరాయింపు ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జులై 31న స్పీకర్‌ను ఆదేశించాల్సి వచ్చింది. 1985 నుంచి చట్టం ఉంది, తీర్పు చెప్పేది మాత్రం అధికార పక్షం ఎన్నుకున్న స్పీకర్. ఓటరు చేయగలిగింది ఒకటుంది. ప్రచారానికి వచ్చిన అభ్యర్థిని పదిమంది ముందు, ఫోన్‌లో రికార్డు చేస్తూ అడగాలి: పార్టీ మారాల్సి వస్తే ముందు రాజీనామా చేసి మళ్లీ మా దగ్గరికి వస్తావా? ఆ అభ్యర్థి ఇప్పటిదాకా ఎన్ని కండువాలు మార్చాడో కూడా అదే చోట లెక్కపెట్టాలి.

ఇవన్నీ చూడటానికి ఉండే వ్యవధి చాలా తక్కువ. 2023లో తెలంగాణలో నామినేషన్ల ఉపసంహరణ నవంబరు 15న ముగిస్తే పోలింగ్ 30న. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 29న ముగిస్తే పోలింగ్ మే 13న. తుది జాబితా చేతికొచ్చాక రెండు వారాలే. మామూలుగా జరిగితే తెలంగాణలో 2028 చివర్లో, ఆంధ్రప్రదేశ్‌లో 2029లో మళ్లీ అసెంబ్లీ ఎన్నికలు. పాత అఫిడవిట్లు, పాత మేనిఫెస్టోలు ఇప్పుడే దించి దాచుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండేవాళ్లు ఇప్పుడు జనవరి 1 దాకా ఆగనక్కర్లేదు. ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలే, పదిహేడు దాటగానే ఫారం-6 ముందుగా పెట్టుకోవచ్చు. పేరు జాబితాలో ఉందో లేదో 1950కి ఫోన్ చేస్తే చెబుతారు. పోలింగ్ రోజున మీ ఓటు అప్పటికే ఎవరో వేసేశారని తేలితే వెనక్కి తిరిగి రానక్కర్లేదు. ప్రిసైడింగ్ అధికారిని టెండర్డ్ ఓటు అడిగితే కాగితం బ్యాలెట్ ఇవ్వాల్సిందే.